చింతపండుతో తోమిన ఏడాది

తెలివి తక్కువైన వాళ్ల మీద నాకు కోపం లేదు. తెలివితక్కువతనానికి పూలదండ వేసి, మైకు ఇచ్చి, ముందు వరుసలో కూర్చోబెట్టే వాళ్లంటే మాత్రం అసహ్యం. నల్లగొండ దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో ఫిజిక్సు చెప్పిన ఏళ్లలో ఆ అసహ్యం నాకు బాగా ఒంటబట్టింది. ఇప్పటికీ పోలేదు. పోవాలని నేను కోరుకోవడమూ లేదు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో అక్కడ చేరాను. మాది కోస్గి. వాన పడితే కందులు, పడకపోతే కూలి, అంతే మా ఇంటి అర్థశాస్త్రం. మా ఇంట్లో ఎమ్మెస్సీ దాకా వెళ్లింది నేనొక్కదాన్నే. నల్లగొండలో ఒక గది కిరాయికి తీసుకుని, కాలేజీ బస్సులో పిల్లలతో పాటు వెళ్లి వచ్చేదాన్ని. ఆ కాలేజీలో ల్యాబు అంటే తాళం వేసిన గది. తనిఖీ వస్తుందంటే తాళం తీసి బెంచీలు తుడుస్తారు, వచ్చినవాళ్లు వెళ్లగానే మళ్లీ తాళం వేస్తారు. కొన్న యంత్రాల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయనివ్వరు, దుమ్ము పడుతుందట. వాడితే పాడవుతుందని భయపడి చదువును కూడా అలాగే కవరు తీయకుండా దాచిపెట్టారు.

మా ప్రిన్సిపాల్ సారుకు సైన్సులో తెలిసిన మాట ఒక్కటే, నానో. స్వాగత సభలో నానో, వీడ్కోలు సభలో నానో, పిల్లవాడు సరిగా చదవడం లేదని అడగడానికి వచ్చిన తండ్రితో కూడా నానో. నేను హైదరాబాదులోని ఒక యూనివర్సిటీలో గ్రాఫీన్ మీద పీహెచ్‌డీకి చేరానని తెలిసిన రోజు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, మన కాలేజీకి గిదే తక్కువుండె. నానో సెంటర్ అని బోర్డు రాయిస్త" అన్నాడు.

బోర్డు నిజంగానే వచ్చింది. దాని వెనక గదిలో ఒక బెంచీ, ఒక పెద్ద కిటికీ, నేను.

గ్రాఫీన్ గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. పెన్సిలు ములుకులో కర్బనం పొరలు పొరలుగా ఉంటుంది. అందులో ఒకే ఒక్క పొర, అంటే ఒక్క పరమాణువు మందం ఉన్న రేకు, అది గ్రాఫీన్. దాని గొప్పల గురించి పేపర్లలో రాసేదంతా దాన్ని ఒంటరిగా గాలిలో పట్టుకుంటే నిజం. గాలిలో ఎవరు పట్టుకుంటారు? దేని మీదో పరచాల్సిందే. పరచగానే దాని గుణం మారిపోతుంది. రాగి రేకు మీద పెరిగిన పొరకు రాగి తన ఎలక్ట్రాన్లు కొన్ని అంటగట్టి, దాన్ని బిగబట్టి ఉంచుతుంది. నికెల్ మరీ ఘోరం, అది గ్రాఫీన్ అన్న గుర్తు కూడా మిగలనివ్వదు. తడిసిన బట్ట ఒంటికి అతుక్కుపోతే అది బట్టలా ఊగదు కదా, అలాంటిది.

అయితే ఆ పొరకూ కింది లోహానికీ మధ్యన వేరే పరమాణువులు దూరితే సంగతి మారుతుంది. నికెల్ మీద బంగారం దూరిస్తే పట్టు సడలి పొర మళ్లీ గ్రాఫీన్ అవుతుంది. సిలికాన్ కార్బైడ్ మీద హైడ్రోజన్ ఆ పని చేస్తుంది. లిథియం దూరితే తన ఎలక్ట్రాన్లను కూడా పొరకు ఇస్తుంది. పైన పొర అదే, కింద ఉన్నదీ అదే, మధ్యలో ఎవరు చేరారన్నదాన్ని బట్టి పైదాని నడవడి మారుతుంది. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను బస్సులో ఉన్నాను, దిగాల్సిన స్టాపు దాటిపోయాను. అంత సంతోషం నాకు ఇంకే చదువులోనూ రాలేదు.

నేను పట్టుకున్నది రాగి, ఆక్సిజన్. రాగి మీద గ్రాఫీన్ పెరిగాక దాన్ని గాలిలో వదిలేస్తే, పొర అంచుల్లోంచి, ముడతల్లోంచి ఆక్సిజనూ తేమా మెల్లగా కిందికి దూరతాయి. అక్కడ రాగికి పలుచగా చిలుము పడుతుంది. ఆ చిలుము మధ్యన చేరి రాగి పట్టు వదిలిస్తుంది. పెద్ద ల్యాబుల్లో రేకును వేడిచేసి ఈ పని గంటల్లో ముగిస్తారు. మరి ఊరికే వదిలేస్తే? మన ఎండాకాలం, మన వాన, మన చలి, ఒక ఏడాది పాటు మామూలు గది గాలి ఏం చేస్తుంది? అంత ఓపికగా ఎవరూ చూడలేదు. పరికరాలు లేనివాళ్లకు మిగిలేది ఓపికే, కాబట్టి నేను చూద్దామనుకున్నాను.

హైదరాబాదులో నా గైడు ల్యాబులో రేకులు తయారుచేసి, దీపావళి పోయాక తెచ్చి నానో సెంటర్ కిటికీకి దారాలతో వేలాడదీశాను. పక్కన 'ముట్టరాదు' అని పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. నెలకోసారి ఒక్కో రేకు నుంచి సన్నటి ముక్క కత్తిరించి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని హైదరాబాదు బస్సెక్కేదాన్ని. అక్కడ లేజర్ కాంతి వేసి చదివే యంత్రం ఉంది, పొర ఎంత బిగుసుకుని ఉందో, ఎంత వదులైందో అది చెబుతుంది. ఎండాకాలమంతా చెప్పుకోదగ్గ మార్పే లేదు. వానలు పడ్డాక పొర వదులు చెప్పే అంకెలు ఒక్కసారిగా లేచాయి. రేకుల మీద మచ్చలు మచ్చలుగా నల్లటి రంగు కూడా దిగింది. నాకు ఆనందం ఆగలేదు. ఇక తెలియాల్సింది ఒక్కటే, ఆ లేవడం ఇంకా సాగుతుందా, ఎక్కడో ఆగుతుందా అన్నది. అది చెప్పే కొలత మళ్లీ దీపావళికి తీయాలి. నా థీసిస్‌లో చివరి అధ్యాయం అదే, యూనివర్సిటీ ఇచ్చిన గడువు కూడా ఆ చలికాలంతో అయిపోతుంది. ఆ ఒక్క కొలత చేతికొస్తే డిగ్రీ, లేకపోతే మిగిలేది ఇన్నేళ్ల బస్సు ప్రయాణమే.

దసరా సెలవులకు కోస్గి వెళ్లాను. బతుకమ్మ ఆడాను, అప్పాలు తిన్నాను, తిరిగి వచ్చాను. నానో సెంటర్ తలుపు తీయగానే కిటికీ దగ్గర తళతళలాడుతూ కొత్త రాగి వేలాడుతోంది. ఎవరో నా రేకులు దొంగిలించి వాటి చోట కొత్తవి కట్టారనుకున్నాను. దొంగతనమైనా బాగుండేది.

కెమిస్ట్రీ మేడమ్ నవ్వుకుంటూ వచ్చింది.

"మేడమ్, ఆయుధపూజ నాడు సార్ అన్ని ల్యాబులు తిరిగిండు. మీ రేకులు చూసి, గివేంది గిట్ల నల్లవడ్డయి, దసరా సెలవులైనంక తనిఖీ కమిటీ వస్తున్నది అన్నడు. మనం ఇంట్ల రాగి చెంబులు తోముకుంటం గద, గట్లనే చింతపండు వెట్టి తోమినం. ఎట్ల మెరుస్తున్నయో చూడుండ్రి."

పండగకు ముందు రాగీ ఇత్తడీ చింతపండుతో తోమడం మా దగ్గర ప్రతి ఇంట్లో ఉన్నదే. మా అమ్మ తోముతుంది, నేను తోమాను. కానీ ఈమె ఏళ్ల తరబడి పిల్లలకు ఆమ్లాలు చెబుతున్న మనిషి. చింతపండులో ఉన్న ఆమ్లం రాగి మీది చిలుమును ఎలా కరిగిస్తుందో బోర్డు మీద సమీకరణం రాసి, దాన్ని సరిగా అప్పజెప్పిన వాళ్లకు మార్కులు వేసే మనిషి. ఆ సమీకరణం బోర్డు మీద తుడిచేయగానే ఆమె బుర్రలోంచి కూడా తుడిచిపెట్టుకుపోతుంది కాబోలు.

"వాటి మీద ఏమున్నదో తెల్వదా మీకు?" అన్నాను.

"కిలుము గద మేడమ్."

"ఆ కిలుము కోసమే ఏడాది సంది సూస్తున్న. ముట్టద్దని రాసి వెట్టిన గద."

"అది పిల్లలకనుకున్నం మేడమ్" అంది, నొచ్చుకుని. తోమి పెట్టినందుకు మెచ్చుకోనందుకు ఆమెకు నిజంగా బాధ కలిగింది.

ఆ మర్నాడే ఒక రేకు ముక్క కత్తిరించి హైదరాబాదు తీసుకెళ్లాను, ఎక్కడైనా ఏదైనా మిగిలిందేమోనన్న ఆశతో. యంత్రంలో కర్బనం జాడ లేదు. చిలుమూ పోయింది, పొరా పోయింది. వంటింటి చెంబుకు ఉన్నంత సైన్సే దానికి మిగిలింది.

ప్రిన్సిపాల్ సారుకు చెబితే ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"రాగి నల్లవడుడు మంచిది గాదు మేడమ్. మీరేం ఫికర్ చేయకుండ్రి, బజార్ల దొరికే రేకే గద. ఎంత కావాలంటే గంత తెప్పిస్త" అన్నాడు.

ఏడాదిని ఏ బజారులో అమ్ముతారో అడగాలనుకున్నాను. అడిగితే నిజంగానే మనిషిని పంపుతాడని ఊరుకున్నాను.

ఆ రాత్రి అమ్మకు ఫోను చేశాను. కోపంలో అంతా చెప్పాను. అమ్మ మొత్తం విని, "రాగి నల్లవడితే తోమకుంట పక్కకు వెడ్తరానే బిడ్డా?" అంది. ఆమె మీద కోపం రాలేదు. ఆమె ల్యాబుకు పెద్దగా కూర్చోలేదు, నానో అని బోర్డు రాయించుకోలేదు.

కమిటీ వచ్చింది. వాళ్లు వచ్చేసరికి నా రేకులు కిటికీలోంచి దిగి, ఎర్ర వెల్వెట్ బట్ట పరిచిన అద్దాల పెట్టెలోకి చేరాయి. పెట్టెకు బంతిపూల దండ. పెట్టె ముందు 'గ్రాఫీన్' అని బంగారు రంగు అక్షరాలు. వివరించమని నన్ను నిలబెట్టారు. నేను కమిటీ పెద్దాయన ముఖం చూసి చెప్పాను: "ఇవి ఉత్త రాగి ముక్కలు సార్. వీటి మీద గ్రాఫీన్ లేదు. మొన్న కొలిచి చూశాను."

పెద్దాయన పెట్టె మీదికి వంగి, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు పరీక్షగా చూశాడు.

"నానో అంటేనే కంటికి కనవడదు గదమ్మా" అన్నాడు. పక్కనున్నవాళ్లు తలలూపారు. ఒకాయన ఫోటో తీసుకున్నాడు.

ఆ రోజు భోజనాల్లో నాటుకోడి పెట్టారు. కాలేజీకి మంచి గ్రేడు వచ్చింది. ఆ అద్దాల పెట్టె ఆ తర్వాత ప్రిన్సిపాల్ గది బయట స్థిరపడింది. రేకులు నల్లబడినప్పుడల్లా మళ్లీ తోమి పెట్టేవారు. అంత శ్రద్ధ వాళ్లు ఒక్క విద్యార్థి మీద కూడా పెట్టగా నేను చూడలేదు.

ఇక నా గైడు. ఆయన పెద్ద యూనివర్సిటీ మనిషి, విదేశాలు తిరిగొచ్చినవాడు, పేరు ముందు అక్షరాలు, పేరు వెనక అక్షరాలు. ఆయనైనా బాధపడతాడనుకుని వెళ్లాను. ఆయన నవ్వాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వడం అయ్యాక నీళ్లు తాగి, పరిష్కారం చెప్పాడు.

"వానకాలం దాక రీడింగులున్నయి గదమ్మా. ఆ గ్రాఫు గీతను గట్లనే పైకి గుంజు. ఎవలు చూస్తరు?"

"పైకి పోతదో ఆగుతదో తెల్వదు సార్. గది తెల్సుకోనీకే గద ఏడాది."

"పోతది. పోక యాడ ఆగుతది?"

"చూడకుంట ఎట్ల రాయాలె సార్?"

ఆయనకు విసుగొచ్చింది. "నీకు డిగ్రీ కావాల్నా, పంతం కావాల్నా? గడువు దగ్గరికొచ్చింది" అన్నాడు.

తోమిన వాళ్లకు తెలియక తోమారు. ఈయనకు అంతా తెలుసు. తెలిసి, లేనిదాన్ని ఉన్నట్టు గీయమంటున్నాడు. ప్రిన్సిపాల్ పెట్టెకూ ఈయన గీతకూ తేడా నాకు కనబడలేదు, ఈయన దగ్గర వెల్వెట్ బట్ట లేదు, అంతే. నాకు మళ్లీ ఏడాది కావాలని, గడువు పెంచమని, లేకపోతే ఆ అధ్యాయం లేదని చెప్పాను. వారం తర్వాత ఆయన ఫోను చేసి, గడువు పెరిగిందని, ఎలా తెచ్చాడో అడగొద్దని చెప్పాడు. తన దగ్గర చేరిన వాళ్లు డిగ్రీ లేకుండా వెళితే ఆయన లెక్క తప్పుతుంది, అందుకని తెచ్చాడు. నేను అడగలేదు.

కొత్త రేకులు కాలేజీ గడప తొక్కలేదు. నల్లగొండలో నా గది కిటికీకే కట్టాను. బయటికి వెళ్లేటప్పుడు తాళం వేసి, వేశానో లేదో మళ్లీ వెనక్కి వచ్చి చూసుకునేదాన్ని. కాలేజీలో పాఠాలు చెప్పాను, సెలవు రోజు టిఫిన్ డబ్బాతో హైదరాబాదు వెళ్లాను. ఎండాకాలం వచ్చింది, ఏమీ జరగలేదు. వానలు పడ్డాయి, అంకెలు లేచాయి. దసరాకు కోస్గి వెళ్లలేదు. అమ్మ అలిగింది.

దీపావళికి కొలత తీశాను. గీత పైకి పోలేదు. వానల్లో లేచిన ఎత్తు దగ్గరే ఆగి, అడ్డంగా పడుకుంది. పొర కింద పలుచటి చిలుము పూర్తిగా పరుచుకున్నాక ఆక్సిజన్ ఇంకా లోపలికి దూరడం దాదాపు ఆగిపోయింది. అంటే మా గది గాలికి కూడా ఒక హద్దు ఉంది. రెండుసార్లు, మూడుసార్లు కొలిచాను. అదే వచ్చింది. గైడు చెప్పినట్టు గీసి ఉంటే నా థీసిస్‌లో అబద్ధం ఒక్కటే కాదు, తప్పు కూడా ఉండేది.

ఆ గీత తీసుకెళ్లి గైడుకు చూపించాను. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, తృప్తిగా తల ఊపాడు.

"నేను చెప్పలే? గిట్లనే వస్తదని."

ఆ మనిషికి సిగ్గు అనేది ఎవరైనా విడిగా కొనిపెట్టాలి.

వైవా రోజు వచ్చింది. ముందు వరుసలో ప్రిన్సిపాల్ సారు కొత్త కోటు వేసుకుని కూర్చున్నాడు, మా నానో సెంటర్ నుంచి తొలి డాక్టరేటు అని అప్పటికే ఊరంతా చెప్పుకున్నాడు. పరీక్షకుడు బయటి రాష్ట్రంలో పనిచేసే పెద్దవయసు తెలుగాయన. నేను చెప్పిందంతా ముఖంలో ఏ భావమూ లేకుండా విన్నాడు. చివర్లో థీసిస్ పేజీలు తిప్పుతూ అడిగాడు.

"ఈ రేకులు మొదలుపెట్టిన నాటికే మీ అసలు గడువు అయిపోవచ్చింది. అంతకుముందు ఏడాది ఏం చేశారు?"

నేను నోరు తెరిచేలోపే గైడు అందుకున్నాడు. "మేడమ్‌కు ఆరోగ్యం బాగలేకుండె సార్. కడుపు ఆపరేషన్ అయింది. పాపం, చానా కష్టపడ్డది."

గడువు ఎలా పెరిగిందో అప్పుడు తెలిసింది. నా కడుపు మీద లేని కుట్లు వేసి తెచ్చాడు. ముందు వరుసలో ప్రిన్సిపాల్ సారు అవునన్నట్టు విచారంగా తల ఊపాడు. నేను ఊరుకుంటే ఆ మధ్యాహ్నానికి డాక్టరునైపోతాను. మాట్లాడితే డిగ్రీ ఆగిపోవచ్చు, గైడు సంతకం ఇంకా కావాలి. అది నాకు బాగా తెలుసు. భయం కూడా వేసింది.

"నాకు ఏ ఆపరేషనూ కాలేదు సార్" అన్నాను. "అంతకుముందు ఏడాది కూడా ఇదే పని చేశాను. ఏడాది నిండబోయే ముందు, కమిటీ వస్తుందని మా కాలేజీలో ఆ రేకులను చింతపండుతో తోమించారు. ఉన్న కొలతలతోనే గీతను పైకి లాగమని సార్ చెప్పారు. నేను లాగలేదు. మళ్లీ మొదలుపెట్టాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత గది అంతా నవ్వింది. ప్రిన్సిపాల్ సారు కూడా నవ్వాడు, తనకు సంబంధం లేని విషయంలాగా. గైడు ముఖం మాడిపోయింది. పరీక్షకుడు మాత్రం నవ్వలేదు. పెన్ను మూత తీశాడు.

"ఉప్పు కూడా వేశారా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"చింతపండుతో పాటు ఉప్పు వేశారా అని. క్లోరైడ్ ఉంటే చిలుము ఇంకా తొందరగా కరుగుతుంది."

"వేశారు సార్. దొడ్డుప్పు. కొబ్బరి పీచుతో రుద్దారట."

"ఆ తర్వాత కొలిచారా?"

"సెలవుల నుంచి వచ్చిన మర్నాడే కొలిచాను సార్. పొర మిగల్లేదు."

"మిగలదు" అని ఆయన థీసిస్ అంచు మీద ఏదో రాసుకున్నాడు. ఇన్నాళ్లలో ఆ రేకులకు ఏమైందని ఒక్కరు కూడా నన్ను అడగలేదు. నల్లబడ్డాయన్నారు, మెరుస్తున్నాయన్నారు, కనబడవన్నారు, గీత లాగమన్నారు. ఏమైందని అడిగింది ఈయనే. అంతమంది ముందు నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆయన సంతకం పెట్టాడు. ఆయన పెట్టాక గైడుకు పెట్టక తప్పలేదు, నా ముఖం చూడకుండా పెట్టాడు. డిగ్రీ ఇవ్వడానికి పరీక్షకుడు ఒకే ఒక్క సవరణ అడిగాడు. మొదటి ఏడాది రేకులకు ఏం జరిగిందో, ఎవరి మాట మీద జరిగిందో, పద్ధతుల అధ్యాయంలో ఉన్నది ఉన్నట్టు చేర్చాలని.

ఉప్పుతో సహా రాశాను.